నోకియా బూచి

విదేశీ కంపెనీతో కుదిరిన ఒప్పందం మీద ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే చాలు, మన దగ్గర వెంటనే నోకియా పేరు బయటికొస్తుంది. విశాఖలో ఎకరం 99 పైసలకు ఎందుకిచ్చారని అడగండి. డేటా సెంటర్‌కు నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారని అడగండి. గేటు లోపల నెల జీతం తీసుకునే మన పిల్లలు ఎంతమంది ఉంటారని అడగండి. వచ్చే జవాబు మాత్రం ఒకటే: తమిళనాడు వాళ్లు ఇట్లాగే పన్నులని, హక్కులని, సమ్మెలని వేధించి నోకియాను తరిమేసుకున్నారు, మీరు కూడా ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటారా? టీవీ చర్చల్లో ఈ మాట అనేవారున్నారు. పారిశ్రామిక సదస్సుల్లో అనేవారున్నారు. అమెరికాలో స్థిరపడి అక్కణ్ణుంచి మనకు బుద్ధి చెప్పేవారూ ఉన్నారు. నోకియా ఫ్యాక్టరీ నడిచిన శ్రీపెరుంబుదూరు మన సరిహద్దులోని తడకు ఎంతో దూరం కాదు కాబట్టి కథ నమ్మబుద్ధి వేసేటట్టే ఉంటుంది.

ఈ కథలో ఒక పాలు నిజం ఉంది. దాన్ని ముందే ఒప్పుకుని మిగతా మూడు పాళ్ల సంగతి చూద్దాం.

2005 ఏప్రిల్‌లో జయలలిత ప్రభుత్వం నోకియాతో ఒప్పందం చేసుకుంది. ఆ రాష్ట్ర పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్ 200 ఎకరాల పైచిలుకు భూమిని 99 ఏళ్ల లీజుకు ఇచ్చింది. 2006 మొదట్లోనే ఫోన్లు బయటికి రావడం మొదలైంది. 2011 నాటికి 50 కోట్ల ఫోన్లు ఆ గేటు దాటాయి. ఒక దశలో 8,000 మందికి పైగా అక్కడ పనిచేశారు. 2013 జనవరిలో ఆదాయపు పన్ను శాఖ తనిఖీలకు వచ్చింది. ఫోన్లలో వాడే సాఫ్ట్‌వేర్ కోసం ఇక్కడి కంపెనీ ఫిన్లాండ్‌లోని మాతృసంస్థకు పంపిన డబ్బు రాయల్టీ కిందికి వస్తుందనీ, పంపేటప్పుడే పన్ను కోసుకోవాల్సి ఉండగా కోయలేదనీ శాఖ వాదన. 2,080 కోట్లు కట్టమంది. అదే ఏడాది సెప్టెంబరులో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్టు ప్రకటించింది. శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ పన్ను శాఖ జప్తులో ఉంది. కేసు ఢిల్లీ హైకోర్టుకు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 3,500 కోట్లకు హామీ ఇస్తేనే బదిలీకి వీలన్నారు, కంపెనీ కుదరదంది. 2014 మార్చిలోనే తమిళనాడు వాణిజ్య పన్నుల శాఖ కూడా లేచి, మీరు ఎగుమతి చేశామన్న ఫోన్లు దేశంలోనే అమ్ముడుపోయాయి, 2,400 కోట్లు కట్టండని నోటీసిచ్చింది. ఏప్రిల్ 25న మైక్రోసాఫ్ట్ ఒప్పందం పూర్తయింది. శ్రీపెరుంబుదూరు అందులో లేదు. కొన్నాళ్లు మైక్రోసాఫ్ట్‌కు కాంట్రాక్టు మీద ఫోన్లు చేసి పెట్టి, నవంబరు 1న యంత్రాలు ఆపేశారు.

ఒప్పుకోవాల్సిన పాలు ఇదే. అమ్మకం నడుస్తుండగా ఫ్యాక్టరీని కదలనీయకుండా కట్టేయడం మొరటు పని. కేంద్ర శాఖ మొదలుపెట్టింది కదా అని రాష్ట్ర శాఖ అంతకంటే పెద్ద అంకెతో ఎగబడటం ఇంకా మొరటు. ఆ అధికారుల తీరును సమర్థించే పని నేను పెట్టుకోను.

అయితే అసలు ప్రశ్న అది కాదు కదా. పన్ను గొడవే లేకపోతే ఆ ఫ్యాక్టరీ బతికేదా? దీనికి జోస్యం అక్కర్లేదు. ఏ గొడవా లేకుండా మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిన నోకియా ఫ్యాక్టరీ ఒకటి హంగరీలో ఉంది, కొమారోమ్ అనే ఊళ్లో. దాన్నెవరూ జప్తు చేయలేదు. ఏప్రిల్‌లో చేతులు మారింది. జూలైలో మైక్రోసాఫ్ట్ 18,000 ఉద్యోగాలు తీసేస్తున్నానంది. అందులో 12,500 మంది నోకియా నుంచి వచ్చినవాళ్లే. ఆ దెబ్బకు కొమారోమ్ ఫ్యాక్టరీ మూతపడింది, దాదాపు 1,800 మంది ఇంటికి వెళ్లారు. పట్టుమని మూడు నెలలు కూడా ఆగలేదు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఈ కొనుగోలు మీద 760 కోట్ల డాలర్లు నష్టం ఖాతాలో రాసేసుకుని, ఇంకో 7,800 మందిని పంపింది. 2016లో బటన్ల ఫోన్ల వ్యాపారం మొత్తాన్ని, వియత్నాం ఫ్యాక్టరీతో సహా, 35 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. 500 కోట్ల యూరోలకు పైగా పెట్టి తీసుకున్న బేరం అలా ముగిసింది. శ్రీపెరుంబుదూరు కూడా ఆ బేరంలో పడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి పెద్ద తెలివి అవసరం లేదు. అక్కడ తయారయ్యేవి చాలావరకు బటన్ల ఫోన్లే. జనం చేతుల్లోకి ఆండ్రాయిడ్ వచ్చేసింది.

వియత్నాం పేరు వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. చెన్నైలో వేధించారు కాబట్టి నోకియా వియత్నాం వెళ్లిందని చాలామంది నమ్మకం. హనోయ్ దగ్గర బాక్ నిన్‌లో కొత్త ఫ్యాక్టరీ కడతామని నోకియా ప్రకటించింది 2011 మార్చిలో. మన పన్ను శాఖ శ్రీపెరుంబుదూరు గేటు దగ్గరికి వచ్చింది 2013 జనవరిలో. దాదాపు రెండేళ్ల తర్వాత జరగబోయే తనిఖీకి భయపడి ముందే వియత్నాంలో స్థలం చూసుకున్నారని చెప్పాలంటే చాలా ధైర్యం కావాలి.

వియత్నాం కంటే వెనక్కి వెళ్తే బోకుం వస్తుంది. జర్మనీలో బొగ్గు గనులు మూతపడి చితికిపోయిన ప్రాంతం. అక్కడి నోకియా ఫ్యాక్టరీ లాభాల్లోనే ఉంది. 2008 జనవరిలో కంపెనీ దాన్ని మూసేస్తున్నానంది. ఇక్కడ కూలి ఎక్కువ, రొమేనియాలో తక్కువ అన్నది కారణం. 2,300 మంది పని పోయింది. రొమేనియాలోని క్లూజ్ పక్కన జుకు అనే ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ లేచింది. ఆ ఊరివాళ్లు సంబరపడ్డారు, పడాల్సిందే. 2011 సెప్టెంబరులో ఆ ఫ్యాక్టరీ కూడా మూసేస్తున్నామన్న కబురొచ్చింది. ఈసారి 2,200 మంది. బోకుంలో జీతాలెక్కువన్నారు సరే, జుకులో తక్కువే కదా? ఆ మరుసటి ఏడాది నోకియా తన సొంత దేశంలో, ఫిన్లాండ్‌లోని సాలోలో, ఫోన్ల తయారీ ఆపేసింది. జర్మనీ పన్నుల శాఖ తరిమిందా? రొమేనియా కార్మిక సంఘాలు తరిమాయా? సాలోలో సొంతవాళ్లే తరిమారా? ఈ ఊళ్ల పేర్లు నోకియా కథ చెప్పేవాళ్ల నోట ఎప్పుడూ వినపడవు. శ్రీపెరుంబుదూరు ఒక్కటే గుర్తుంటుంది, ఎందుకంటే దాన్నొక్కదాన్నే బూచిగా చూపించి మన నోరు మూయించవచ్చు.

బోకుంలో జరిగిన ఇంకో విషయం మనవాళ్లు తప్పకుండా చదవాలి. ఆ ఫ్యాక్టరీకి ప్రభుత్వాలు 8.8 కోట్ల యూరోల సాయం చేశాయి. ఇన్ని ఉద్యోగాలు చూపిస్తానని కంపెనీ రాసిచ్చింది. మూసేస్తామనగానే నార్త్ రైన్ వెస్ట్‌ఫేలియా రాష్ట్ర ప్రభుత్వం ఆ కాగితం తీసి, ఒప్పుకున్నన్ని ఉద్యోగాలు మీరు చూపలేదు, వడ్డీతో కలిపి దాదాపు 6 కోట్ల యూరోలు వెనక్కి కట్టండని పట్టుబట్టింది. బేరసారాలు సాగాయి. కార్మికులకు 20 కోట్ల యూరోల పరిహారం వచ్చింది. ఆ ప్రాంతంలో కొత్త పనులు పుట్టించే కార్యక్రమానికి కంపెనీ విడిగా 2 కోట్ల యూరోలిచ్చింది. అడిగినదంతా రాలేదు. కానీ అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంది.

తమిళనాడు చేతిలో ఏ కాగితం ఉంది? చూద్దాం, అసలు కథ అక్కడే ఉంది.

2005 ఒప్పందంలో ఒక ఏర్పాటు ఉంది. దేశంలో అమ్మిన ఫోన్ల మీద వచ్చే వ్యాట్‌ను ప్రభుత్వం కంపెనీకి తిరిగి ఇచ్చేస్తుంది. ఎంతదాకా? కంపెనీ పెట్టిన పెట్టుబడికి సరిపోయేదాకా. ఇది ఎట్లా నడుస్తుందో కొంచెం దగ్గర్నుంచి చూడండి. మదురైలో ఒకాయన వెయ్యి రూపాయల ఫోను కొన్నాడు. పన్ను నాలుగు శాతం అనుకుందాం, నలభై రూపాయలు. బిల్లు మీద పన్ను అని వేరే వరసలో అచ్చు వేసి ఉంటుంది. ఆ నలభై ఆయన జేబులోంచి దుకాణానికి, అక్కణ్ణుంచి పై మెట్లెక్కి ఖజానాకు చేరుతుంది. ఖజానా ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో శ్రీపెరుంబుదూరుకు పంపిస్తుంది. కొన్నవాడికి పన్ను కట్టానన్న తృప్తి, సర్కారుకు పరిశ్రమ తెచ్చానన్న తృప్తి, డబ్బు మాత్రం కంపెనీకి. ఇట్లా నలభై నలభై చేరి వెనక్కి వెళ్లిన మొత్తం 600 కోట్లు దాటింది. ఫ్యాక్టరీ పెట్టడానికి కంపెనీ తెచ్చింది కూడా అటూ ఇటూగా అంతే. భూమి ధర దగ్గర కూడా కంపెనీకి మేలు జరిగిందని కాగ్ వేలెత్తి చూపింది. ఇప్పుడు చెప్పండి, ఆ ఫ్యాక్టరీలో పెట్టుబడిదారు ఎవరు? ఫోను కొన్న మదురై మనిషిని ఏ సదస్సులోనైనా వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారా?

రాయితీ తక్కువై పోయిన కంపెనీ కాదిది. పెట్టిన పెట్టుబడంతా తిరిగి చేతికొచ్చిన కంపెనీ. నాకు కనిపించిన విచిత్రం ఏమిటంటే, పోవడం అంత సులభమైంది కూడా ఆ రాయితీ వల్లనే. సొంత డబ్బు ఇరుక్కుపోయి ఉన్నవాడు వెళ్లేముందు నాలుగుసార్లు ఆలోచిస్తాడు. అసలు ఎప్పుడో వసూలైనవాడికి ఆలోచించాల్సింది ఏముంటుంది?

సమ్మెల సంగతి కూడా తేల్చేద్దాం. అదే ఒప్పందంలో ఆ ప్రాంతాన్ని ప్రజోపయోగ సేవగా ప్రకటిస్తామని సర్కారు మాటిచ్చింది. నీళ్లు, కరెంటు, రైళ్ల లాంటి వాటికి అప్పటి చట్టంలో వాడిన హోదా ఇది. ఆ హోదా ఉన్నచోట ముందస్తు నోటీసు లేకుండా సమ్మె చేస్తే చట్టవిరుద్ధమయ్యేది. సెల్‌ఫోన్ తయారీ ప్రజోపయోగ సేవ ఎట్లా అవుతుందో అడిగేవాళ్లు అప్పుడు లేరు. అయినా 2010లో రెండుసార్లు సమ్మె జరిగింది. ఆ తర్వాత కూడా ఫ్యాక్టరీ నడిచింది, నాలుగేళ్లు. సమ్మె చేశారు కాబట్టి మూతపడిందన్న మాటకు తేదీలే అడ్డం వస్తాయి.

ఇక్కడ రెండో వైపు వాళ్లతో కూడా నాకొక పేచీ ఉంది. నోకియా దోచుకుపోయింది తప్ప ఒరిగిందేమీ లేదు అనేవాళ్లు. అదీ నిజం కాదు. ప్లస్‌టూ పాసై, పొలం పనికో పెళ్లికో సిద్ధంగా ఉన్న వేలమంది ఆడపిల్లలు కాంచీపురం, తిరువళ్లూరు, వేలూరు జిల్లాల పల్లెల నుంచి కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు వెళ్లారు. బ్యాంకులో వాళ్ల పేరు మీద ఖాతా తెరిచారు. తమ్ముణ్ణి చదివించారు, అప్పు తీర్చారు, పెళ్లి రెండేళ్లు వాయిదా వేయించుకోగలిగారు. కొందరు యూనియన్‌లో నిలబడి మాట్లాడటం నేర్చుకున్నారు. ఆ జీతం చిన్నదే కావచ్చు, అబద్ధం మాత్రం కాదు. దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఏనాడూ ఆ ఊళ్లకు వెళ్లి ఉండరు.

నష్టం ఎక్కడ జరిగిందో అర్థం కావాలంటే కూడా ఆ పిల్లల దగ్గరే నిలబడాలి. 2006లో పద్దెనిమిదేళ్లకు పనిలో చేరిన అమ్మాయికి 2014లో ఇరవై ఆరు. ఎనిమిదేళ్లు ఆమె చేసింది ఒక బల్ల ముందు కూర్చుని వచ్చిన ప్రతి ఫోనుకూ ఒకటే పరీక్ష చేయడం, లేదా ఒకటే భాగం బిగించడం. ఆ పనికి బయట పేరు లేదు, సర్టిఫికెట్ లేదు. పక్కనే ఇంకో ఎలక్ట్రానిక్స్ కంపెనీ తలుపు తెరిచి ఉంటుంది, కానీ వాళ్లకు కావాల్సింది మళ్లీ పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లు, పెళ్లి కానివాళ్లు. 2014 వేసవిలో స్వచ్ఛంద విరమణ పథకం పెట్టారు. స్వచ్ఛందం అన్నది పేరుకే. తీసుకోకపోతే రేపు ఇదైనా వస్తుందో రాదో తెలియని స్థితిలో వేలమంది సంతకం పెట్టారు. నవంబరులో నోకియా ఆగితే, డిసెంబరులో దానికి భాగాలు సరఫరా చేసే ఫాక్స్‌కాన్ యూనిట్ ఆగింది, ఇంకో 1,700 మంది. బస్సులు ఆగాయి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, టిఫిన్ దుకాణాలు మూతపడ్డాయి. ఒప్పందంలో కంపెనీ భూమికి, కరెంటుకు, పన్నుకు, సమ్మెకు నిబంధనలున్నాయి. వీళ్లకు ఏమవుతుందన్న దానికి ఒక్క నిబంధన లేదు. బోకుం కార్మికుడికీ వీళ్లకూ మధ్య తేడా అంతా ఆ ఒక్క కాగితంలో ఉంది.

మరి నోకియా పారిపోయిందా? ఈ ప్రశ్నకు చిత్రమైన జవాబుంది. పోలేదు. ఫోన్ల వ్యాపారం అమ్మేసిన తర్వాత మిగిలిన నోకియా, అంటే టెలికాం టవర్ల పరికరాలు చేసే కంపెనీ, చెన్నై శివార్లలోనే తన ఇంకో ఫ్యాక్టరీని నడుపుతూనే ఉంది. మన ఫోన్లలో 5జీ వస్తోందంటే అందులో ఆ ఫ్యాక్టరీ సరుకు కూడా ఉంది. పన్ను గొడవను 2018లో రెండు దేశాల పన్ను ఒప్పందం కింద పరిష్కరించుకుని, దాదాపు 20 కోట్ల యూరోలు కట్టింది. మూతపడిన ఫ్యాక్టరీని 2019లో ఛార్జర్లు తయారుచేసే సాల్‌కాంప్ తీసుకుంది. మూసేసి పోయిన ఫాక్స్‌కాన్ అదే శ్రీపెరుంబుదూరులో ఇప్పుడు ఐఫోన్లు బిగిస్తోంది. తమిళనాడు చేసినదానికి భయపడి పెట్టుబడిదారులు ఆ వైపు చూడటం మానేశారన్న మాట నిజమైతే ఇవన్నీ అక్కడ ఎట్లా ఉన్నాయి?

అడిగితే పారిపోతారన్న భయానికి ఇంకా దగ్గరి సాక్ష్యాలు కావాలా? 2021 డిసెంబరులో ఫాక్స్‌కాన్ హాస్టల్ తిండి తిని వందలమంది అమ్మాయిలు జబ్బుపడ్డారు, 159 మందిని ఆస్పత్రిలో చేర్చారు. మిగతావాళ్లు చెన్నై బెంగళూరు రహదారి మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ వారాల తరబడి ఆగిపోయింది. ఆపిల్ ఆ ఫ్యాక్టరీని పరిశీలనలో పెట్టింది, హాస్టళ్లు బాగుచేయాల్సి వచ్చింది, ఉత్పత్తి మళ్లీ మొదలైంది. 2024 సెప్టెంబరులో అక్కడే శాంసంగ్ కార్మికులు తమ యూనియన్‌ను గుర్తించాలని 37 రోజులు సమ్మె చేశారు. ఇక శాంసంగ్ నోయిడాకు పోతుందనీ వియత్నాంకు పోతుందనీ పత్రికలు రాశాయి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2025 జనవరిలో యూనియన్ రిజిస్టర్ అయింది. శాంసంగ్ అక్కడే ఉంది, ఫ్రిజ్‌లు తయారు చేసుకుంటోంది.

మన ఇంటి సంగతికొస్తే, పెనుకొండ. 2017 ఏప్రిల్‌లో కియాతో ఒప్పందం, ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ, 110 కోట్ల డాలర్లు, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం. సరిగ్గా కార్లు బయటికొచ్చే వేళకు, 2019 జూలైలో, రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా, అసలు అమలైందా అన్నది వేరే చర్చ. 2020 ఫిబ్రవరిలో కియా తమిళనాడుకు వెళ్లిపోతోందని ఒక అంతర్జాతీయ వార్తాసంస్థ రాసింది. రాష్ట్రమంతా గగ్గోలు. కంపెనీ, ప్రభుత్వం రెండూ ఖండించాయి. కియా ఎక్కడికీ పోలేదు. 2023 జూలైకి పది లక్షల కార్లు పూర్తి చేసింది. కారణం మన మీద ప్రేమ కాదు. రేకులు వంచే ప్రెస్సులు, పెయింటు షాపు, చుట్టూ దానికోసమే వచ్చి దిగిన కొరియా విడిభాగాల కంపెనీలు, ఇవన్నీ పెకలించుకుని పోవడమంటే ఇంకో వంద కోట్ల డాలర్లు ఖర్చు. ఫోన్లు బిగించే చోట ఆ బరువు ఉండదు. అక్కడ యంత్రాలు జప్తులో ఉన్నా ఆర్డరు మాత్రం ఒక్క ఈమెయిల్‌తో బాక్ నిన్‌కు పోతుంది. కంపెనీ నిలుస్తుందా పోతుందా అన్నది భూమిలోకి అది ఎంత దిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మనం ఎంత వినయంగా చేతులు కట్టుకున్నామన్న దాన్ని బట్టి ఉండదు.

ఇప్పుడు విశాఖ. 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటన వచ్చింది: ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, ఒక గిగావాట్ డేటా సెంటర్, సముద్రం అడుగున కేబుళ్లు. పెద్ద విషయమే. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను లేను. ఒక గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. పక్కనే పరవాడలో ఉన్న సింహాద్రి థర్మల్ ప్లాంటు మొత్తం సామర్థ్యం 2,000. అందులో సగం కరెంటు ఒక్క సంస్థకు కావాలి. ఆ కరెంటు ఎక్కణ్ణుంచి, ఏ ధరకు? యంత్రాలను చల్లబరిచే నీళ్లు ఏ ఏట్లోంచి, వేసవిలో విశాఖ జనానికి రోజు విడిచి రోజు నీళ్లిచ్చే పరిస్థితి వస్తే ముందు ఎవరి కుళాయి కడతారు? ప్రభుత్వం చెప్పిన 1.88 లక్షల ఉద్యోగాల అంకెలో కట్టడం పనులవెన్ని, పరోక్షమైనవెన్ని, కట్టడం పూర్తయ్యాక బ్యాడ్జీ మెడలో వేసుకుని గేటు దాటి లోపలికెళ్లేవాళ్లెంతమంది? శ్రీపెరుంబుదూరులో కొన్ని వందల కోట్లకు 8,000 మంది జీతగాళ్లు కనిపించారు, ఎందుకంటే ఫోను బిగించడానికి వేళ్లు కావాలి. డేటా సెంటర్‌కు కావాల్సింది కరెంటు. రెండింటినీ ఒకే ఉద్యోగాల తక్కెడలో తూచేవాళ్లు తెలియక తూస్తున్నారు, లేదా బాగా తెలిసే తూస్తున్నారు.

ఈ ఒప్పందంలో రాయితీల విలువ 22,000 కోట్లని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే అన్నారు. ఆయన బాధ ఆయనది, పెట్టుబడి బెంగళూరుకు రాలేదని. మన మంత్రులు ఆయనకు వెటకారంగా జవాబిచ్చారు, మన జనం చప్పట్లు కొట్టారు. అంకె తప్పయితే ఒప్పు అంకె ఏదో ఏడాదివారీగా కాగితం మీద పెట్టి చూపించి ఉంటే వెటకారం కంటే బాగా పనిచేసేది. కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో ఎకరం 99 పైసల చొప్పున 21 ఎకరాల పైచిలుకు ఇచ్చారు, 8,000 ఉద్యోగాలిస్తామని కంపెనీ చెప్పింది. మంచిదే. ఆ 8,000లో ఏ ఏడాదికెన్ని, అవి రాకపోతే ఆ కొండ మీది భూమి ఎవరిది అవుతుంది? షరతులు రాసుకున్నామని అధికారులు అంటారు. రాసుకున్న షరతు అమలైందో లేదో చెప్పే నివేదిక ఏటా బయటికి రాకపోతే ఆ రాత ఫైలులోనే పడి ఉంటుంది.

ఈ ప్రశ్నలు వేస్తే గూగుల్ పోతుందట. అమెరికాలో, యూరప్‌లో ఈ కంపెనీలే ఇంతకంటే కటువైన ప్రశ్నలకు ఊరి కౌన్సిళ్ల ముందు కూర్చుని జవాబు చెబుతున్నాయి. ఎన్ని నీళ్లు తోడుతున్నాయో లెక్క చెబుతున్నాయి. అక్కడ చెప్పగలిగింది విశాఖ పక్కన డేటా సెంటర్ వచ్చే తర్లువాడలో చెప్పడానికి వాళ్లకు ఇబ్బంది ఉండదు. ఇబ్బంది మధ్యలో ఉన్న మనవాళ్లకు. ఒప్పందం బయటపడితే తమ బేరం ఎంత బాగా చేశారో జనం కూడా చూస్తారు కదా.

కాబట్టి ఈ రాష్ట్ర శాసనసభ్యులకు, అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ కలిపి, ఒక విన్నపం. విదేశీ కంపెనీలతో చేసుకున్న ప్రతి పెద్ద ఒప్పందాన్నీ అనుబంధాలతో సహా తెలుగులో సభ ముందు పెట్టించండి. ప్రతి బడ్జెట్‌తో పాటు ఏ కంపెనీకి ఎంత పన్ను తిరిగి ఇచ్చారో, ఎంత నీరు, ఎంత కరెంటు ఇచ్చారో, బదులుగా పీఎఫ్ ఖాతాలున్న ఉద్యోగాలు ఎన్ని వచ్చాయో ఒక పట్టిక వేయించండి. మాట తప్పితే రాయితీ వడ్డీతో వెనక్కి వచ్చే నిబంధన, కంపెనీ మూతపడితే కార్మికుడికి ఎంత ఇవ్వాలో చెప్పే నిబంధన లేకుండా ఇకమీదట ఏ జీవో మీదా సంతకం పడకుండా చూడండి. ఇవి అడిగినందుకు ఏ కంపెనీ అయినా పోతానంటే, దాన్ని ఆపకండి.